ఏకులత్త పీట

ఆ పరుపుల కార్ఖానాలో కుర్చీలు లేవు. పది చెక్కపీటలు ఉండేవి; ఎవరి పీట వారిది. ముందుగదిలో కిటికీల వెలుతురు పడే చోట ఎనిమిది, గుడ్డ కత్తిరించే బల్ల పక్కన ఒకటి, వెనుక రేకుల కొట్టంలో దూది ఏకే యంత్రం దగ్గర ఒకటి. పెద్ద యజమాని బతికి ఉన్న రోజుల్లో ఏర్పడిన ఒక కట్టుబాటు ఆయన పోయిన తరువాత కూడా చెక్కుచెదరకుండా సాగుతూ వచ్చింది. పనివారిలో ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే, మరొకరు తమ వంతు పని ముగించుకుని, ఆ మనిషి పీట మీద కూర్చుని ఆ వంతు కూడా పూర్తి చేసేవారు. చేసిన పని జబ్బుపడిన మనిషి పేరు మీదే లెక్కకు వచ్చేది. దానిని పీట పట్టడం అనేవారు. పట్టమంటే కాదనకూడదు, పట్టినందుకు మెప్పు చెప్పకూడదు. ఈ నియమాలను ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ ఎన్నడూ తప్పలేదు.

కొట్టంలోని పీట ఏకులత్తది. ఇరవై ఆరేళ్ళుగా ఆమె ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, ఉండలు కట్టిన దూదిని ఆ యంత్రం నోటికి అందిస్తూ, అవతలివైపు మబ్బులా పొంగి వచ్చే ఏకును చేతులతో పోగు చేస్తూ ఉంది. పనిలో ఉండగా నూగు పడి ఆమె జుట్టు, కనుబొమ్మలు తెల్లబడేవి. సాయంత్రం దులుపుకున్న తరువాత కూడా అవి తెల్లగానే కనబడడం మొదలై చాలా ఏళ్ళయింది. దగ్గు అంతకన్నా పాతది.

ముందుగదిలో మొదటి కిటికీ పక్క పీట దబ్బనానిది. మనిషి పొడుగు, బక్క. పరుపు కుట్టే పెద్ద సూది పేరు ఆమెకు తగిలించినవాడు గుడ్డ కత్తిరించే కత్తెర బాబాయి; ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే ఆమె బిడ్డలు కూడా బడిలో దబ్బనం పిల్లలుగానే చలామణీ అయ్యారు. నాలుగేళ్ళ క్రితం పైవరుసలోని దూది బేలు ఒకటి జారి మీద పడి దబ్బనానికి ఎడమ డొక్కలో ఎముక విరిగింది. ఆ నలభై రోజులూ ఆమె పీట పట్టింది ఏకులత్తే. పగలంతా దూది ఏకి, ఆ తరువాత కిటికీ పక్కకు వచ్చి, ఆనని కళ్ళతో, వణికే వేళ్ళతో, దబ్బనం వంతు పరుపులు కుట్టింది. కుట్లు వంకరపోయేవి. ఆ నలభై రోజుల్లో కొన్న పరుపుల గురించి ఒక్క గిరాకీ కూడా ఫిర్యాదు చేయలేదు. కుట్టు వంకరగా ఉన్నంత మాత్రాన నిద్ర చెడదని కత్తెర బాబాయి తేల్చాడు.

కొత్త ఆరోగ్య చట్టం తాలూకు కాగితం వచ్చిన రోజున చిన యజమాని దానిని కత్తెర బల్ల దగ్గర నిలబడి పైకి చదివాడు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా యజమాని తన పనివారినందరినీ ఆరోగ్య బీమాలో చేర్చాలి; ప్రతివారికీ ఒక కార్డు వస్తుంది; ఆ కార్డు చూపితే పెద్దాసుపత్రిలో ఏ వైద్యమైనా చేస్తారు.

"అంటే ఏంటబ్బాయ్? రోగమొస్తే సర్కారు చూస్తుందా?" అని ఏకులత్త గుమ్మంలోంచి అడిగింది. చిన యజమానిని చంకనెత్తుకుని తిప్పిన మనిషి కనుక ఆమె ఒక్కతే అతణ్ణి అబ్బాయ్ అనేది.

"చూస్తుందత్తా. నేను కొంత కడతాను, మీరు కొంత కడతారు, సర్కారు చూస్తుంది."

"మనం కడుతుంటే వాళ్ళు చూస్తారంట. బానే ఉంది బేరం," అన్నాడు కత్తెర బాబాయి. "ఏకులా వచ్చింది. మేకయి కూర్చుంటుందేమో ముందు చూసుకో నాయనా."

అందరూ నవ్వారు. నవ్వకుండా వింటున్నవాడు కత్తెర బాబాయి ఒక్కడే. అతని భార్యకు మూత్రపిండాలు పనిచేయడం మానేసి ఏడాదయింది. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించవలసిన మనిషికి నెలకు రెండుసార్లు మాత్రమే చేయించగలుగుతున్నాడు. కార్డు పనివారి భార్యాభర్తలకు కూడా వర్తిస్తుందా అని అతడు మూడుసార్లు అడిగాడు. వర్తిస్తుందని చిన యజమాని మూడుసార్లు చెప్పాడు.

కాగితం వెనుక పేజీని చిన యజమాని ఆ రోజు పైకి చదవలేదు. బీమాలో చేర్చుకునే ముందు పనివారందరికీ ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. పదిమందిలో ఏ ఒక్కరి ఊపిరితిత్తుల్లోనైనా పని వల్ల వచ్చిన జబ్బు కనబడితే ఆ కార్ఖానాను ప్రమాదకరమైన వాటి జాబితాలో వేస్తారు. అప్పుడు యజమాని కట్టే వాటా మూడింతలవుతుంది. నూగును లాగేసే యంత్రాన్ని మూడు నెలల్లో బిగించకపోతే తలుపులకు తాళం పడుతుంది. ఊరి అవతలి పరుపుల మిల్లుకు ఇదే పనికి మూడేళ్ళ గడువు ఇచ్చారు. అదేమని అడగడానికి చిన యజమాని బీమా కార్యాలయానికి వెళ్ళాడు.

"మిల్లులవాళ్ళకి సంఘం ఉందండీ, వచ్చి అడిగారు. మీకెవరున్నారు?" అన్నాడు అక్కడి గుమాస్తా. వెటకారం కాదు, అతడు నిజంగానే తెలుసుకోగోరి అడిగాడు.

చట్టం చిన్నవారికి అన్యాయం చేసిందన్నది నిజం. అయితే ఆ నిజం వెనుక దాక్కున్న మరో నిజం కూడా ఉంది. నూగు లాగే యంత్రం కావాలన్న మాట పెద్ద యజమాని కాలం నుంచీ ఉన్నదే. ఇరవై ఆరేళ్ళలో ఆ కొట్టానికి కొత్త రేకులు వచ్చాయి, కొత్త తలుపు వచ్చింది, యజమాని ఇంటికి రెండో అంతస్తు వచ్చింది. ఆ యంత్రం మాత్రం రాలేదు.

పరీక్షకు రెండు రోజుల ముందు చిన యజమాని ఏకులత్తను తప్ప మిగతా పనివారినందరినీ పిలిచి వెనుక పేజీ కూడా చదివి వినిపించాడు. చదువుతున్నంతసేపూ కొట్టంలోంచి దగ్గు వినబడుతూనే ఉంది. ఆ దగ్గు ఆగేదాకా ఆగి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా ఇలా అన్నాడు:

"ఎల్లుండి ఎవరికైనా ఒంట్లో బాగుండక రాలేకపోతే... ఎవరి పీట ఎవరు పట్టాలో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళుగా మీరే చూసుకుంటున్నారు."

అబద్ధమాడమని అతడు ఎవరినీ అడగలేదు. తండ్రి పెట్టిపోయిన మంచి అలవాటును గుర్తుచేశాడు, అంతే. దుర్మార్గుడు నేరుగా అడిగేదానిని మెత్తనివాడు ఇలా అడుగుతాడు. నేరుగా అడిగితే కాదనడానికి దారి ఉండేది.

అందరి కళ్ళూ దబ్బనం వైపు తిరిగాయి. దగ్గు ఎరగని మనిషి, కిటికీ పక్క మనిషి, నలభై రోజులు ఏకులత్త చేత పీట పట్టించుకున్న మనిషి ఆమే.

"నేను పడతాను," అంది దబ్బనం.

కార్ఖానాకు రెండు వీధుల అవతల ఒక బడి ఆవరణలో ఎక్స్‌రే బండి ఆగింది. దబ్బనం మొదట తన చీటీతో లోపలికి వెళ్ళింది. గొలుసు తీయమన్నారు, గడ్డం పైకెత్తమన్నారు, గాలి పీల్చి బిగబట్టమన్నారు, వదలమన్నారు. ఆరుగురు వెళ్ళి వచ్చిన తరువాత ఏకులత్త చీటీ పట్టుకుని, ఏకులత్త ముదురాకుపచ్చ శాలువా కప్పుకుని మళ్ళీ మెట్లెక్కింది. చీటీ మీద వయసు అరవై ఒకటని రాసి ఉంది. బండిలోని మనిషి ఆ అంకెను చదవలేదు. చీటీ నంబరు మాత్రం చూసి రాసుకుంది. తలెత్తాక మాత్రం ఒక క్షణం చూసింది.

"ఇందాక వచ్చావుగా?"

"అది మా చెల్లి."

"మీ ఇంట్లో అందరూ నిచ్చెనలేనా?"

"మా నాన్న పొడుగండీ," అంది దబ్బనం. మళ్ళీ గాలి పీల్చి బిగబట్టింది.

ఆమెకు అది అబద్ధంగా తోచలేదు. తన పేరు మీద ఏకులత్త పరుపులు కుట్టినట్టే ఏకులత్త పేరు మీద తాను ఊపిరి బిగబట్టింది. పని పూర్తయింది, లెక్క సరిపోయింది. బండి దిగి వచ్చేసరికి ప్రహరీ గోడ నీడలో ఏకులత్త కూర్చుని ఉంది. దబ్బనం శాలువా తిరిగి ఇచ్చింది. ఏకులత్త మడిచి ఒళ్ళో పెట్టుకుంది. అలవాటు ప్రకారం ఇద్దరిలో ఎవరూ ఏమీ అనలేదు.

నెల తిరగకుండా కార్డులు వచ్చాయి. ప్రమాదం లేని కార్ఖానా అని తేలింది. కత్తెర బాబాయి భార్యకు వారానికి రెండుసార్లు రక్తశుద్ధి మొదలైంది. ఆమె కాళ్ళ వాపు తగ్గింది. మూడో నెలలో వీధి చివరి దాకా నడిచి వచ్చిందని చెబుతూ అతడు రెండుసార్లు గుడ్డను కొలత తప్పి కత్తిరించాడు. ఏకులత్త తన కార్డును పాత పాలసంచీ ముక్కలో చుట్టి దారంతో కుట్టేసింది.

"దాన్ని కుట్టేస్తే అవసరానికి ఎట్లా తీస్తావత్తా?" అని అడిగింది దబ్బనం.

"దబ్బనం పక్కనే ఉండగా నాకేం భయమే?" అంది ఏకులత్త. నవ్వబోతే దగ్గు వచ్చింది.

నూగు లాగే యంత్రం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అక్కరలేదని ప్రభుత్వమే కాగితం మీద రాసి ఇచ్చింది గదా.

ఏడో నెలలో ఒక ఉదయం ముందుగదిలో కుడుతున్న దబ్బనం చేయి ఆగింది. కొట్టంలో యంత్రం చప్పుడు మారింది. దూది పడుతున్నప్పుడు దానిది నమిలే చప్పుడు. ఇప్పుడు పళ్ళు కొరుకుతున్నట్టుగా, ఉత్తినే తిరుగుతోంది. ఆమె పరుగెత్తింది. ఏకులత్త పీట పక్కన కూలబడి, రెండు చేతులూ నేలకు ఆన్చి, నోరు తెరిచి గాలిని కొరుకుతోంది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

పెద్దాసుపత్రిలో వెంటనే గొట్టం పెట్టారు. గాలి అందింది. సంచీ కుట్టు విప్పి దబ్బనం కార్డు తీసి ఇచ్చింది. సాయంత్రానికల్లా ఒక కుర్ర డాక్టరు రెండు ఎక్స్‌రేలను పక్కపక్కన పెట్టి, వెనుక దీపం వేసి, దబ్బనాన్ని పిలిచాడు.

"మీరు ఆవిడకేమవుతారు?"

"పీట పక్కదాన్నండీ."

అతనికి అర్థం కాలేదు, అయినా అడగలేదు. "ఇది ఇవాళ తీసింది. ఈ ఊపిరితిత్తులు పాతికేళ్ళుగా పాడవుతూ వచ్చాయి. ఇది ఏడు నెలల కింద తీసిందని కార్డులో ఉంది. ఇందులో మచ్చ లేదు. ఇన్నేళ్ళ జబ్బు ఏడు నెలల్లో రాదమ్మా." అతడు వేలితో పాత దాని మీద ఒక చోట తట్టాడు. "పోనీ పొరపాటనుకుందామంటే, ఇది చూడండి. ఎడమ వైపు ఐదో ఎముక విరిగి అతుక్కుంది. ఇవాళ తీసిన దాంట్లో ఆ ఎముక సాఫీగా ఉంది. విరిగిన గుర్తు ఎక్కడికీ పోదు. ఇది ఈవిడ ఎముక కాదు."

దబ్బనం ఆ అతుకును చూసింది. వేలి కణుపంత ఉబ్బు. నలభై రోజులు ఏకులత్త తన పీట పట్టిన కాలమంతా అక్కడ ముడి పడి ఉంది. అసంకల్పితంగా ఆమె చేయి తన డొక్క మీదికి పోయింది. డాక్టరు ఆ చేతిని చూశాడు.

"నేను రాయక తప్పదు," అన్నాడు. "విచారణ అయ్యేదాకా కార్డు పనిచేయదు. ఈలోగా వరండాలో మంచం ఇప్పించగలను. ఆవిడకి ఇంట్లో గాలి యంత్రం, మందులు, వారం వారం చూపించడం, ఇవన్నీ ఉంటే కొన్నేళ్ళు బతుకుతుంది. లేకపోతే..." దీపం ఆర్పాడు.

చట్టం చివరి పేజీలలో ఒక నిబంధన ఉందని దబ్బనానికి చెప్పింది కూడా ఆ డాక్టరే. యజమాని పురమాయిస్తే పనివారు ఒకరి బదులు మరొకరు పరీక్ష చేయించుకున్నారని తేలిన పక్షంలో, నష్టపోయిన పనివారి వైద్యమంతా ప్రభుత్వం చేయించి, ఆ ఖర్చును యజమాని నుంచి రాబడుతుంది. ఆ కార్ఖానా నమోదు రద్దవుతుంది. యజమానికి తెలియకుండా పనివారే చేసుకున్నారని తేలితే, చేసినవారి కార్డులు మాత్రమే పోతాయి, కార్ఖానా నిలుస్తుంది.

అంటే నిజం చెబితే ఏకులత్తకు ఊపిరి దొరుకుతుంది. మిగతా ఎనిమిదిమంది పీటలు, వాటితోపాటు ఎనిమిది కార్డులు పోతాయి. ఇంతకన్నా వంకర తరాజును ఏ దొంగ వర్తకుడూ తయారు చేయలేడు. అయినా దానిని తయారు చేసినవారెవరూ ఆ వరండాలోకి రాలేదు. తూకం వేయవలసిన పని పరుపులు కుట్టే మనిషికి పడింది.

దబ్బనం రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు వరండాలో ఏకులత్త మంచం అంచున కూర్చుని చెప్పింది.

"అత్తా, నేను ఉన్నదున్నట్టు చెప్పేస్తా."

ఏకులత్త మాటకూ మాటకూ మధ్య గాలి తీసుకుంటోంది. "ఏముందే ఉన్నది? అబ్బాయి ఏమన్నాడు? పీట పట్టమన్నాడు. అబద్ధమాడమన్నాడా?"

"ఆ మాటకి అర్థం నీకు తెలీదా, నాకు తెలీదా?"

"కత్తెరోడి పెళ్ళాం వీధి చివరిదాకా నడిచిందంట. దాన్ని మళ్ళీ మంచమెక్కించమంటావా? నా దగ్గుతో పెద్దాయన కార్ఖానా కూల్చమంటావా?"

"మరి నువ్వు?"

"నాకు అరవై ఒకటి."

"అరవై ఒకటైతే ఊపిరి అక్కర్లేదా అత్తా?" అంది దబ్బనం. గొంతు పెరిగింది. పక్క మంచాల వాళ్ళు చూశారు. "నువ్వు త్యాగాలేం చేయక్కర్లేదు. ఎవరి తప్పు వాళ్ళ నెత్తిన పడాలి. నీ రొమ్ములో నూగు పోసినవాడు నీ వైద్యం చేయించాలి. అది దానమా? ధర్మమా? బాకీ."

ఏకులత్త కళ్ళు మూసుకుంది. వాదనకు ఆమె దగ్గర గాలి చాలలేదు.

విచారణకు ముందు రోజు చిన యజమాని దబ్బనాన్ని కొట్టంలోకి పిలిచాడు. యంత్రం ఆగి ఉంది. ఏకులత్త పీట మీద సన్నగా నూగు పేరుకుంది.

"చెల్లెమ్మా," అన్నాడు. ఆమె పనిలో చేరిన ఏడేళ్ళలో అతడు ఆమెను ఆ పిలుపు పిలవడం అదే మొదలు. "అత్తని నేను చూసుకోనా? నాకు మాత్రం బాధ లేదా? మెల్లమెల్లగా ఏదో చేస్తాను. ముందు కార్ఖానా నిలబడాలి గదా."

"ఒక్క మాట రేపు వాళ్ళ ముందర అనన్నా. 'నేనే చెప్పాను' అను. తరవాత నువ్వేం చేయమంటే అది చేస్తా."

అతడు యంత్రం పళ్ళలో ఇరుక్కున్న దూదిని ఒక్కొక్క పోగే లాగుతూ నిలబడ్డాడు. గుమ్మంలో కత్తెర బాబాయి నిలబడి ఉన్నాడని దబ్బనం వెళ్ళబోతూ చూసింది.

"ఏమే పిల్లా, సూది కోసం సోదికెళ్ళినట్టయింది మన పని," అన్నాడు. అది అతని ఎప్పటి గొంతు కాదు. "నిన్ను నేనేమీ అడగను. అడిగే మొహం నాకు లేదు. మంగళవారం, శుక్రవారం. ఆ రెండు రోజులూ దానికి సూది గుచ్చుతుంటే నేను గుమ్మం బయట నిలబడి లెక్కపెట్టుకుంటా. అంతే. ఇంకేం అడగను."

"అడిగేశావు బాబాయ్," అంది దబ్బనం.

విచారణకు వచ్చిన అధికారిణి నడివయసు మనిషి. కత్తెర బల్ల మీద గుడ్డ తాన్లను పక్కకు జరిపి కాగితాలు పరుచుకుంది. అందరి ఎక్స్‌రేలూ తెచ్చింది. ఎడమ ఐదో ఎముక మీద ఒకే అతుకు ఉన్న రెండింటిని విడిగా పెట్టింది. ఆమె మాటలో కోపం లేదు, తొందర లేదు.

"రెండూ నీవేనా అమ్మా?"

"నావేనండీ."

"ఎవరైనా చేయమన్నారా, నీ అంతట నువ్వే చేశావా?"

దబ్బనం చిన యజమాని వైపు చూసింది. అతడు తన చేతులను చూసుకుంటున్నాడు. ఆమె ఆగింది. ఒక మనిషి తనంతట తాను మనిషి కావడానికి చాలినంత సేపు ఆగింది. తరువాత చెప్పింది. పరీక్షకు రెండు రోజుల ముందు యజమాని కాగితం మడత పెట్టి ఏ మాట అన్నాడో ఆ మాటను, అతడు ఎక్కడ ఆగాడో అక్కడ ఆగి, అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. పీట పట్టడమంటే ఏమిటో చెప్పింది. ఇరవై ఆరేళ్ళ నూగు గురించి, రాని యంత్రం గురించి చెప్పింది.

అధికారిణి రాసుకుంది. తరువాత మిగిలినవారిని ఒక్కొక్కరినీ అదే ప్రశ్న అడిగింది. ఆ రోజు యజమాని ఆ మాట అన్నాడా?

మొదటి ఆమె తాను ఆ రోజు దారం తేవడానికి బజారుకు వెళ్ళానంది. రెండవ ఆమె గుర్తు లేదంది. మూడవ ఆమె ఏడ్చింది గాని ఏమీ చెప్పలేదు. అలా ఏడుగురూ అయ్యారు. చివరికి కత్తెర బాబాయి వంతు వచ్చింది. పక్క వీధిలో ఇద్దరు గుసగుసలాడితే ఇక్కడి నుంచి చమత్కారం విసరగల మనిషి అతడు.

"నాకు చెవులు సరిగా వినపడవండీ," అన్నాడు.

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. దబ్బనం అతణ్ణి తప్పు పట్టనూ లేదు. ఆ రోజు మంగళవారం.

అధికారిణి ఆఖరి కాగితం బయటికి తీసింది. "ఆసుపత్రిలో ఉన్న ఆవిడ నిన్న వాంగ్మూలం ఇచ్చింది." చదివింది. పరీక్ష రోజు తనకు ఒంట్లో బాగాలేదని, తన బదులు వెళ్ళమని దబ్బనాన్ని తానే బతిమాలానని, యజమానికి ఏమీ తెలియదని ఉంది అందులో. రాత చిన యజమానిది. కింద సంతకం ఏకులత్తది; మూడో తరగతి దాకా చదివిన చేతిరాత, మొదటి అక్షరం గీత మీద మొదలై, ఊపిరి చాలనట్టు ఒక్కొక్క అక్షరమే కిందికి జారిపోయింది.

"ఇది అబద్ధమండీ," అంది దబ్బనం.

"కావచ్చమ్మా." అధికారిణి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నువ్వు చెప్పిందే నిజమని నాకూ అనిపిస్తోంది. కానీ నీ మాట ఒకవైపు, తొమ్మిదిమంది మాట ఒకవైపు. నష్టపోయిన మనిషే నష్టం లేదంటోంది. నాకు అనిపించింది రాయడానికి ఇందులో గడి లేదు."

రెండు కార్డులు రద్దయ్యాయి. దబ్బనానికి పని పోయింది. కార్ఖానా నిలిచింది.

ఏకులత్తను ఆసుపత్రి వరండా నుంచి ఇంటికి పంపేశారు. ఒకే గది, ఒక కిటికీ, గోడవారగా మంచం. దబ్బనం ఇంటి దగ్గరే దిండు గలీబులు కుడుతూ, పగటి పూట వచ్చి కనిపెట్టుకుని ఉండేది. ఏకులత్త పడుకోలేదు, పడుకుంటే గాలి ఆడదు. వెనుక దిండ్లు పేర్చుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, ప్రతి ఊపిరినీ ఒక పనిలా లాగేది. సంతకం గురించి దబ్బనం అడగలేదు. తిట్టాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఎదుట ఆ భుజాలు లేచిపడుతుంటే మాట వెనక్కి పోయేది. ఒక మధ్యాహ్నం ఏకులత్తే, మూడు ఊపిరులకు ఒక మాట చొప్పున, అంది:

"ఈ పీట... నువ్వు... పట్టలేవే."

దబ్బనం కుట్టు ఆపలేదు. ఆపితే చేతులు ఏం చేస్తాయో ఆమెకు తెలియలేదు.

మెల్లమెల్లగా ఏదో చేస్తానన్న చిన యజమాని ఒకసారి మనిషి చేత మందుల సీసా పంపాడు. అది దగ్గు మందు.

రెండు నెలలకు కత్తెర బాబాయి వచ్చాడు. గుమ్మం అవతలే నిలబడ్డాడు. అతని చంకలో చెక్కపీట ఉంది. అంచులు అరిగి, మధ్యలో గుంట పడి, కోణాల్లో ఇంకా నూగు పట్టి ఉంది.

"ఇనప కుర్చీలొచ్చాయి," అన్నాడు. "మళ్ళీ తనిఖీకి వస్తారని అన్నీ మార్చేశాడు. పీటలు పొయ్యిలోకి వేయమన్నాడు. ఇదొక్కటి తెచ్చా."

ఎవరూ లోపలికి రమ్మనలేదు, వెళ్ళమననూ లేదు. అతడు ఆగలేక మళ్ళీ మాట్లాడాడు.

"గోడకి బోర్డు పెట్టాడు. 'ఎవరి పని వారే చేయవలెను' అని. నూగు లాగే యంత్రం కూడా పెట్టాడు. కొట్టంలో అవతలి గోడ కనిపిస్తోంది ఇప్పుడు. మిల్లులో మానేసి వచ్చిన పిల్ల ఏకుతోంది. ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోదు." చంకలో పీటను సర్దుకున్నాడు. "మంచి యంత్రం."

"మీ ఆవిడ ఎట్లా ఉంది?" అని అడిగింది దబ్బనం.

"నడుస్తోంది."

అతడు పీటను గుమ్మం లోపల నేల మీద ఆనించి, చప్పుడు కాకుండా చేయి తీశాడు. మంచం మీది మనిషి తల తిప్పి దాని వైపు చూసింది; చూసినదేమిటో తెలిసిందో లేదో గాని, లాగుతున్న ఊపిరి సగంలో ఒక్కసారి ఆగి, మళ్ళీ మొదలైంది. అతడు మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

గదిలో కూర్చోవడానికి వేరే ఏమీ లేదు. దబ్బనం పీటను మంచం పక్కకు లాగి, దాని మీద కూర్చుని, సగంలో ఉన్న గలీబును ఒళ్ళోకి తీసుకుంది. పక్కన ఊపిరి లోపలికి వెళ్ళింది. బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. ఆమె సూదిని గుడ్డలో గుచ్చి, అది వచ్చేదాకా లాగకుండా ఆగింది.